ఆముదం తాగిన మోటారు సైకిలు

పెళ్ళయి చోడవరం కాపరానికి వచ్చిన కొత్తలో నా ముగ్గుపిండి ఎందుకంత తొందరగా అయిపోతోందో చాలా రోజులు తెలియలేదు. సోమవారం పొద్దున్న వాకిట్లో ముగ్గు వేద్దామని డబ్బా తీస్తే అడుగున చారెడు ఉండేది. ఎలకలు ముగ్గుపిండి తినవు కదా అనుకున్నాను. ఒక ఆదివారం కాఫీ గ్లాసులు పట్టుకుని వీధిలోకి వెళ్తే దొంగలు ముగ్గురూ ఒక్కసారే దొరికారు. ఒకరు మా ఆయన, పంచదార ఫ్యాక్టరీలో చెరకు తూకాల దగ్గర గుమాస్తా. రెండోవారు హైస్కూలు సైన్సు మేష్టారు. మూడోవాడు ఆస్పత్రి కాంపౌండరు. ముగ్గురూ అరుగు మీద మోకాళ్ళ మీద వంగి, నా పిండితో ఇంజిను బొమ్మ వేస్తున్నారు.

వాళ్ళ ముగ్గురి మధ్యా ఒక కట్టుబాటు ఉండేది. మోటార్ల గురించి ఎవరు ఏ మాటైనా అనొచ్చు. కానీ ఎదుటివాడు "ఎలాగ?" అని అడిగితే అరుగు మీద బొమ్మ గీసి చూపించాలి. గీయలేకపోతే మాట వెనక్కి తీసుకోవాలి, ఆ పూటకి మరి నోరెత్తకూడదు. మా కాంపౌండరుకి బొమ్మలు రావు. పాపం, చాలా ఆదివారాలు అతను మౌనవ్రతంలో కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు.

అరవైలు వెళ్ళి డెబ్బైలు వస్తున్న రోజులవి. మేష్టారు నెలకోసారి విశాఖపట్నం వెళ్ళి, రోడ్డు పక్క పాత పుస్తకాలవాళ్ళ దగ్గర విదేశీ మోటారు పత్రికలు కొనుక్కొచ్చేవారు. ఓడల్లో వచ్చినవాళ్ళు చదివి పారేసినవి. "త్వరలో రాబోతున్న కారు" అని వాటిలో ఉందంటే, అది ఆ దేశంలో వచ్చి, ఎవరో ఒక డబ్బున్నవాడు దాన్ని చెట్టుకి గుద్దేసి కూడా ఉంటాడు. మా అరుగు మీద మాత్రం అది ఇంకా రాబోతూనే ఉండేది. ముగ్గురూ దాని కోసం ఆత్రంగా ఎదురుచూసేవాళ్ళు.

ఒకసారి ఇటలీ వాళ్ళ కారు వచ్చింది, బొమ్మలో. నేలకి చెయ్యెడు ఎత్తు. ఇంజిను ముందూ లేదు, వెనకా లేదు, డ్రైవరు వీపు వెనకాలే ఉంది. దీపాలు మామూలప్పుడు పడుకుని ఉంటాయట, వెలిగిస్తే లేస్తాయట. ఆ కారు గురించి మూడు ఆదివారాలు నడిచింది. మేష్టారు దాని వేగం చెప్పి, అనకాపల్లి ఎన్ని నిమిషాల్లో వెళ్ళొచ్చో లెక్క కట్టారు. చెరకు సీజన్లో బళ్ళ వరస వెనకాల ఇరుక్కుంటే ఆ కారూ మన ఎద్దూ ఒకటేనని మా ఆయన అడ్డం కొట్టారు. ఫ్యాక్టరీ గేటు ముందున్న గోతిలో దిగితే అది మళ్ళీ పైకి కనపడదని కాంపౌండరు అన్నాడు. దీనికి మాత్రం బొమ్మ గీయగలిగాడు. ఒక గొయ్యి గీసి, కారు గీయకుండా వదిలేశాడు. ఆ రోజు గెలుపు అతనిదే.

వాకిలి లోపల కూర్చుని బియ్యం ఏరుకుంటున్న మా అత్తగారు అంతా విని, ఇందులో ఎంతమంది కూర్చుంటారని అడిగారు. ఇద్దరేనండీ అన్నారు మేష్టారు. సామాను ఎక్కడ పెడతారని అడిగారు. చిన్న పెట్టె పడుతుందన్నారు. "పెద్ద మడిసి, పిల్లలు, బియ్యం బస్తా పట్టని బండేటి బాబూ, అది బండా సెప్పులజోడా?" అన్నారావిడ. మేష్టారి దగ్గర దానికి బొమ్మ లేదు.

పాత మోటారు సైకిళ్ళ కబుర్లు వస్తే నేనూ పొయ్యి కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడేదాన్ని. అవి కథల్లా ఉండేవి. యుద్ధంలో విమానం నుంచి పెట్టెలో పెట్టి కింద పడేసే మడత బండి ఒకటి ఉండేదట. సిపాయి దిగి, పెట్టె తెరిచి, హ్యాండిలు పైకెత్తి వెళ్ళిపోవడమే. జర్మనీలో ఇంకొకటి, ఇంజిను ముందు చక్రంలోనే తిరుగుతుందట. క్లచ్చు లేదు. బండి ఆగాలంటే ఇంజిను ఆపాలి, కదలాలంటే మళ్ళీ తోసుకుంటూ పరిగెత్తాలి. అది విని మా అత్తగారు, మన నావ కూడా అంతే కదా అన్నారు.

నావ అంటే మా బండి. యుద్ధం నాడు విశాఖపట్నంలో దిగిన మిలటరీవాళ్ళు వదిలేసిపోయిన ఇంగ్లీషు మోటారు సైకిలు. నాలుగు చేతులు మారి మా ఆయన చేతిలో పడింది. దాని గేరు కాలితో కాదు, చేత్తో మార్చాలి. పెట్రోలు ట్యాంకు పక్కన గరిటె కాడంత కడ్డీ ఉండేది. ఇంజిను నూనెకి వేరే చిన్న ట్యాంకు. పక్కన అతికించిన, మనిషి కూర్చునే తొట్టి ముక్కు దేరి పడవలా ఉండడంతో వీధి వీధంతా దానికి నావ అని పేరు పెట్టేసింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. బియ్యం మిల్లు కారూ డాక్టరుగారి కారూ తప్ప మోటార్లు లేని మా ఊళ్ళో నావకి గౌరవం ఎక్కువే. కాకపోతే అది బుద్ధి పుడితే నడిచేది. పుట్టకపోతే ముగ్గురు మగవాళ్ళు తోసినా కదిలేది కాదు. ఇటలీ కారు లోపాలు చెప్పే ఈ ముగ్గురూ సొంత నావ లోపం చెప్పమంటే చిన్నబుచ్చుకునేవాళ్ళు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అని నేను లోపల్నుంచి అంటూనే ఉండేదాన్ని. నాకు నోరు కాస్త ఎక్కువే.

అలాంటి నావ మీద నా ఉద్యోగం ఆధారపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పెళ్ళికి ముందే నేను టీచరు ట్రైనింగు అయ్యాను. పెళ్ళయిన రెండో ఏడు మాఘమాసంలో, బుచ్చయ్యపేట వైపు ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలుకి నన్ను వేస్తూ ఆర్డరు వచ్చింది. వచ్చే సోమవారం పొద్దున్నే చేరాలి. ఆ కాగితం చూసి నేను దొడ్లోకి వెళ్ళి ఏడ్చాను, సంతోషంతోనే. వంటింట్లో నాకు లోటేమీ లేదు. కానీ చదువుకున్న చదువు చట్టిలో పులిసిపోతున్నట్టు ఉండేది. నాకు ఆ బడి కావాలి. అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

చిక్కల్లా ప్రయాణం. సాయంత్రం తిరిగి రావడానికి బస్సుంది. పొద్దున్న బస్సు మాత్రం పదకొండుకి గానీ లేదు, బడి తొమ్మిదిన్నరకి. ఆ పల్లెలో గది తీసుకుని ఉండడానికి మా అత్తగారు ససేమిరా అన్నారు. కోడలు దీపాలవేళకి ఇంట్లో ఉండాలన్నది ఆవిడ పట్టు. మా ఆయన డ్యూటీ పదింటికి కాబట్టి నావ మీద దింపి వచ్చేస్తానన్నారు. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి కొడుకుని తేరిపార చూశారు.

"నావని నమ్ముకుని ఉజ్జోగం ఏట్రా? సరే, సూద్దాం. సోమారం నాడు బడి గంట కొట్టక ముందు గుంటని అక్కడ దింపితే ఉజ్జోగం సేసుకుంటాది. గంట కొట్టేసేక ఎల్తే మరి ఆ మాటే ఎత్తొద్దు. నానూ వస్తాను, నా కళ్ళతో సూడాల."

గుంట అంటే ఆవిడ మాటల్లో ఆడపిల్ల, అంటే నేను. ఆవిడ మాట అంటే అంతే. మామగారు పోయాక ఇల్లు నడిపింది ఆ మాట మీదే. నేను ఒప్పుకున్నాను. మరో దారి లేదు.

విషయం తెలిసి శనివారం సాయంత్రమే అరుగు మీద సభ జరిగింది. నా ఉద్యోగం వాళ్ళకి పరువు సమస్య అయిపోయింది. నావ మామూలుగా నడిస్తే చాలు అని నేను మొత్తుకున్నాను. మామూలుగా నడవడం అన్న మాట వాళ్ళకి రుచించలేదు. మేష్టారు ఒక పాత పత్రిక తెచ్చారు. అందులో ఏదో దీవిలో జరిగే మోటారు సైకిళ్ళ రేసు బొమ్మలున్నాయి. ఆ రేసు బళ్ళన్నిటికీ ఇంజినులో పోసే నూనె ఏమిటనుకున్నారు అని ఆయన ఒక్క క్షణం ఊరించి, ఆముదం అన్నారు.

కాంపౌండరు వెంటనే "ఎలాగ?" అన్నాడు.

మేష్టారు నా ముగ్గుపిండి తీసుకుని గీశారు. నిజం చెప్పాలి, ఆయన జన్మలో అంత మంచి బొమ్మ గీయలేదు. సిలిండరు, పిస్టను, రెండింటి మధ్యా సన్నటి గీతగా ఆముదం. ఎంత వేడెక్కినా ఆ పొర తెగదట, అందుకే ఇంజిను పరిగెడుతుందట. మేష్టారు చెప్పింది తప్పేమీ కాదు. తప్పు ఆ కట్టుబాటులో ఉంది. బొమ్మ కుదిరితే మాట నెగ్గినట్టే. మరి ట్యాంకులో ఇప్పటికే ఉన్న పాత నూనె మాటేమిటని ఎవరూ అడగలేదు. అది బొమ్మలో లేదు కదా.

మా అత్తగారి వంటాముదం మా వీధిలో పేరున్నది. ఆవిడే గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలిన నూనె సీసాలోకి ఎత్తేవారు. పుట్టిన బిడ్డల మాడుకీ, బాలింతలకీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆవిడ పక్కింటికి వెళ్ళిన సందు చూసుకుని కన్నకొడుకే అటక మీద సీసా దింపాడు. ముగ్గురూ కలిసి సగానికి పైగా నావ నోట్లో పోశారు.

ఆదివారం పొద్దున్న పరీక్షకి తీశారు. ఒక్క కిక్కుకే అందుకుంది, అది అంతకుముందు ఎన్నడూ జరగలేదు. వీధంతా ఆముదం కాలిన వాసన కమ్మేసింది. ఎదురింటావిడ బయటికి వచ్చి, ఎవరింట్లో పురుడు అని అడిగింది. మా ఆయన నడుపుతూ, మేష్టారు వెనకా, కాంపౌండరు తొట్టిలోనూ, ముగ్గురూ రేసుకి వెళ్తున్నంత సంబరంగా రోలుగుంట రోడ్డెక్కారు. కాంపౌండరు తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, గాలికి జుట్టు చెదురుతుందని. అతనికున్న జుట్టెంత.

గంటన్నరకి నావ తిరిగొచ్చింది. ఖాళీ చెరకు బండి వెనకాల పలుపుతో కట్టి ఉంది. ముగ్గురూ పక్కన నడుస్తున్నారు. ఆముదం తాగిన మొహాలంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. బండి రెండు మైళ్ళు పోయి వేడెక్కి బిగుసుకుపోసాగిందట. పాత నూనె, ఆముదం ఒకదానితో ఒకటి కలవక జిగురులా ముద్దకట్టి, నూనె గొట్టాన్ని మూసేశాయి. ఇంజిను పూర్తిగా పాడయ్యేలోపు మా ఆయన ఆపగలిగారు, అదొక్కటే అదృష్టం.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముగ్గురినీ కలిపి కడిగిపారేశాను. వయసులో పెద్దవారైన మేష్టారిని కూడా వదల్లేదు. ఇటలీ కారు వీపు వెనకాల ఏముందో తెలుసు, మీ ముక్కు కింద ఏముందో తెలీదు అన్నాను. మా ఆయన చొక్కా విప్పి, దొడ్లో గోనె పట్టా పరిచి ఇంజిను విప్పడం మొదలుపెట్టారు. తక్కిన ఇద్దరూ కిరసనాయిలు పోసి తోముతున్నారు. తోమినకొద్దీ జిగురు చేతికంటుకుంటోంది గానీ ఇనుముని వదలడం లేదు.

అలా చూసి చూసి నాకు ఒళ్ళు మండి, "తలకి పట్టిన ఆముదం ఎవరైనా కిరసనాయిలుతో వదిలిస్తారా?" అన్నాను. ఎత్తిపొడుపుకే అన్నాను. మేష్టారు తోమడం ఆపి నా వైపు చూశారు. తర్వాత మా ఆయన చూశారు. నేను లేచి వెళ్ళి కాగులో నీళ్ళు మరగేసి, కుంకుడుకాయలు కొట్టాను.

ఆ మధ్యాహ్నం మా దొడ్లో జరిగింది మా వీధి ఇంకా చెప్పుకుంటుంది. ముగ్గురు ఉద్యోగస్తులు పీటల మీద కూర్చుని ఒక మోటారు సైకిలుకి తలంటు పోశారు. వేడి వేడి కుంకుడు రసంలో పళ్ళచక్రాలు, గొట్టాలు, మూతలు. నురగ వచ్చింది, జిగురు కదలడం మొదలైంది. కానీ వాళ్ళు తోమే తీరు ఎలా ఉందంటే, పిల్లాడికి స్నానం చేయిస్తూ చెవుల వెనక వదిలేసినట్టుంది.

మా అత్తగారు అప్పటికి సీసా సంగతి కనిపెట్టేశారు. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని చూస్తున్నారు. బండి బాగుపడకపోతే ఆవిడ పంతం నెగ్గుతుంది. ఆవిడ చేయవలసిందల్లా అలా కూర్చోవడమే. నేను ఆ సంగతి ఆలోచిస్తూ ఓరకంట ఆవిణ్ణే చూస్తున్నాను. కాంపౌండరు ఒక గొట్టాన్ని పైపైన కడిగి, అయిపోయిందని గుడ్డ మీద పెట్టాడు. ఆవిడ మొహం చిట్లించారు. ఇంకోటి పెట్టాడు. ఆవిడ చీర చెంగు బొడ్లో దోపి లేచి వచ్చారు.

"లెగు బాబూ. తోమడం అంటే అదేటి, దిష్టి తీస్తన్నావా?"

అతని పీట మీద ఆవిడ కూర్చున్నారు. ఊళ్ళో సగం మంది బిడ్డల తలల మీద ఆముదం వదిలించిన చేతులవి. కొబ్బరి పీచు తెమ్మన్నారు. సన్న గొట్టాలకి చీపురుపుల్లకి గుడ్డ చుట్టి తెమ్మన్నారు. రసం చల్లారితే కసిరారు. ఒక్కొక్క సామాను వెలుతురికి ఎత్తి, కన్ను పెట్టి చూసి, బాగులేకపోతే కొడుకు ఒళ్ళోకి తిరిగి విసిరేశారు. చేసే పని చెడ్డగా చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాదు, అది తన పంతానికే అడ్డమైనా సరే. సూర్యుడు వాలేసరికి ఇనుపసామానంతా ఎండలో ఆరి, అమ్మవారి గుడిలో గంటల్లా మెరిసింది. ముగ్గురూ బిగించి, కొత్త నూనె పోసి, కిక్కు కొట్టారు. ఏడో ఎనిమిదో కొడితే అందుకుంది. ఆవిడ చేతులు కడుక్కుని, రేపటి పందెం పందెమే, మరచిపోవద్దని చెప్పి లోపలికి వెళ్ళారు.

సోమవారం పొద్దున్న ఆవిడ తొట్టిలో కూర్చున్నారు, జరీ అంచు చీర కట్టుకుని. నేను మా ఆయన వెనక. మేష్టారు, కాంపౌండరు మా వీధి చివరిదాకా బండి పక్కన నడిచి వచ్చారు. నావ ఆ రోజు నడిచినట్టు ఎన్నడూ నడవలేదు. కుంకుడు వాసన వేస్తూ, దగ్గకుండా పోయింది. చలిగాలికి ఆవిడ కొంగు ఎగిరి నా మొహాన కొడుతోంది. తొట్టి అంచు పట్టుకున్న ఆవిడ వేళ్ళు మొదట తెల్లబడి ఉన్నాయి, తర్వాత వదులయ్యాయి. ఒక గేదె అడ్డం వస్తే మా ఆయన నెమ్మది చేశారు. ఏటి ఇలా నడుపుతన్నావు, బేగి పోనీ అన్నారు ఆవిడ.

ఇంకా మైలుందనగా చెరకు బళ్ళ వరస ఎదురైంది. ముందు బండి ఇరుసు విరిగి రోడ్డుకి అడ్డంగా కూలబడింది. చెరకు కట్టలు దారంతా పరుచుకున్నాయి. ఒంటి సైకిలైతే అంచున పోనిచ్చేవాళ్ళం. నావకి తొట్టి ఉంది, పట్టదు. బండివాళ్ళు చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. వడ్రంగి కోసం కబురెళ్ళింది, వస్తాడు లెండి అన్నారు. మా ఆయన నా వైపు తిరిగి చూడలేదు. ఇంక అయిపోయింది, వంటింట్లోకే అనుకున్నాను.

అత్తగారు తొట్టిలో లేచి నిలబడ్డారు.

"ఒరే నాయనలారా, కూకున్నది సాలు. ఆ కట్టలు పక్కకి లాగండి. మా కోడలు పంతులమ్మ, బడికెళ్ళాల."

ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఇంట్లో నేను గుంటనే. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయి, కట్టలు ఎవరు లాగుతున్నారో కూడా కనిపించలేదు. మా ఆయనా దిగి లాగారు, నేనూ లాగాను. దారి చేసుకుని బయటపడేసరికి పొద్దు బాగా ఎక్కింది.

పల్లె మొదట్లోకి వచ్చాం. పెంకుటిల్లు బడి కనిపిస్తోంది, ముందు పిల్లలు ఆడుతున్నారు. అప్పుడే వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఎవరో ఇనుప కడ్డీతో కొట్టారు. టంగు టంగుమని ఊరంతా వినిపించింది. పిల్లలు పరిగెత్తి వరసలు కట్టారు. మా ఆయన బండి నెమ్మది చేసి, తల దించుకుని, "గంట కొట్టేసేరమ్మా" అన్నారు.

ఆవిడ ఎదురుగా బడి వైపే చూస్తున్నారు.

"ఏటి గంట? నాకేటీ వినపళ్ళేదు. ఈ బండి సప్పుడులో ఏటి వినపడతాదిరా? పోనీ."

ఆయన పోనిచ్చారు. నేను దిగి, లోపలికి వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టాను. హెడ్మాష్టరుగారు మర్యాదస్థులు, చెరకు సీజన్లో రోడ్ల సంగతి తెలిసినవారు, ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మేష్టారు, కాంపౌండరు అరుగు మీద కాచుకుని ఉన్నారు. నన్ను కాదు, ఆవిడనే అడిగారు, వేళకి అందుకున్నారా అని. గంటకి ముందే ఎల్లిపోయేం, ఇంకా పిల్లలు రానేలేదు అన్నారు ఆవిడ తడుముకోకుండా. మేష్టారు వెంటనే, అదంతా లోపల మిగిలిన ఆముదం చలవేనన్నారు. కాంపౌండరు "ఎలాగ?" అన్నాడు. మా ఆయన ముగ్గుపిండి డబ్బా కోసం లేచారు.

నేను రిటైరయ్యేదాకా పిల్లలకి పాఠాలు చెప్పాను. అబద్ధం ఆడకూడదు అని ఒకటో తరగతి పిల్లల చేత పలకల మీద రాయించినప్పుడల్లా మా అత్తగారు కళ్ళ ముందు మెదిలేవారు, నవ్వు వచ్చేసేది. ఎందుకు నవ్వుతున్నారు టీచరుగారూ అని పిల్లలు అడిగేవాళ్ళు. ఏమీ లేదు, రాయండి అనేదాన్ని.